ఎంతమంది వచ్చారో రాస్తున్నారు, వచ్చాక ఏం జరిగిందో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

వలసల మీద మీ పేపర్లో వచ్చే వార్తలూ ఎడిట్ పేజీ వ్యాసాలూ వదలకుండా చదువుతాను. యూరప్ అయినా అమెరికా అయినా కెనడా అయినా గొడవంతా ఒక నంబర్ చుట్టూనే తిరుగుతుంది, ఈ ఏడాది ఇన్ని లక్షల మంది వచ్చారు, వచ్చే ఏడాది ఇంతకి తగ్గిస్తారట అని. నంబర్ అక్కర్లేదని నేననను. కానీ వచ్చినవాళ్ళకి మర్నాటి నుంచి అక్కడి భాష ఎవరు నేర్పుతారు, పని ఎప్పుడు చేసుకోనిస్తారు, పిల్లలు ఏ బడిలో ఎవరి పక్కన కూర్చుంటారు, ఇవి ఎవరూ రాయట్లేదు. ముప్పై ఏళ్ళు భాష చెప్పి రిటైరైన టీచర్ని, నా చూపు అక్కడికే పోతుంది.

జర్మనీనే తీసుకోండి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అప్పటి పశ్చిమ జర్మనీలో ఫ్యాక్టరీలు జోరందుకుని మనుషులు చాలక 1955లో ఇటలీతో, 1961లో టర్కీతో ఒప్పందాలు చేసుకుని పిలిపించుకున్నారు. వాళ్ళకి పెట్టిన పేరే అతిథి కార్మికులు, అంటే వచ్చి పని చేసి వెళ్ళిపోయేవాళ్ళని అర్థం. టర్కీ వాళ్ళకి మొదట్లో రెండేళ్ళే గడువు. పని నేర్చుకున్న మనిషిని పంపించేసి మళ్ళీ కొత్త మనిషికి మొదట్నుంచీ నేర్పడం మా వల్ల కాదని ఫ్యాక్టరీల వాళ్ళే గోల పెడితే 1964లో ఆ గడువు ఎత్తేశారు. 1973లో ఆయిల్ సంక్షోభం టైంలో కొత్తవాళ్ళని తీసుకోవడం ఆపేశారు, ఆపితే తగ్గుతారనుకున్నారు గానీ ఇప్పుడెళ్తే మళ్ళీ రానివ్వరన్న భయంతో చాలామంది అక్కడే ఉండిపోయి భార్యాపిల్లల్ని కూడా తెచ్చుకున్నారు. 1983లో, ఉద్యోగం పోయినవాళ్ళు సొంత దేశానికి వెళ్ళిపోతే 10,500 మార్కులు (మార్కు అంటే అప్పటి జర్మనీ డబ్బు) ఇస్తామని చట్టం చేశారు. అక్కడే పుట్టిన పిల్లలకి పుట్టుకతో పౌరసత్వం వచ్చే వీలు 2000 దాకా లేదు. దేశమంతటా చట్టం ప్రకారం 600 గంటల జర్మన్ కోర్సు పెట్టింది ఎప్పుడో తెలుసా అండీ, 2005లో.

1961 నుంచి 2005కి 44 ఏళ్ళు. పాతికేళ్ళ వయసులో దిగినవాడు ఆ కోర్సు వచ్చేసరికి అరవై తొమ్మిదేళ్ళ తాత. అంతకుముందు అక్కడక్కడా క్లాసులు ఉండేవి, కాదనను, కానీ షిఫ్టు దిగి ఒళ్ళు హూనమైపోయిన మనిషి సాయంత్రం వెతుక్కుంటూ వెళ్ళి నేర్చుకోవాలి. పెద్దవయసులో కొత్త భాష పట్టుబడాలంటే రోజూ ఇన్ని గంటలని ఖాళీ టైం ఉండాలి, తప్పు మాట్లాడినా నవ్వని మనిషి ఎదురుగా ఉండాలి, ఈ రెండూ లేకపోతే ఎంత తెలివైనవాడికైనా రాదు, ఇది నేను క్లాసులో కళ్ళారా చూసిన విషయం. 2010లో అప్పటి జర్మనీ ఛాన్సలర్ ఏంజెలా మెర్కెల్, రకరకాల సంస్కృతులు పక్కపక్కనే బతికేస్తాయన్న పద్ధతి పూర్తిగా ఫెయిలైందని అన్నారు. ఆ మాట విన్నప్పుడు నాకు చాలా బాధేసింది, పాఠం చెప్పని ఏళ్ళన్నీ పక్కనపెట్టి పరీక్ష తప్పారని చెప్పినట్టుంది.

అలాగని అక్కడ ముందునుంచీ ఉన్నవాళ్ళ భయాన్ని జాత్యహంకారం అని ఒక్క మాటతో కొట్టిపారేసే వాళ్ళతో కూడా నేను ఏకీభవించను. పుట్టినప్పట్నుంచీ తిరిగిన వీధిలో షాపు బోర్డులు చదవలేని భాషలోకి మారిపోతే మనసుకి కష్టంగా ఉంటుంది, అది ఎక్కడి మనిషికైనా అంతే. 2015లో స్వీడన్‌లో ఒక్క ఏడాదిలో దాదాపు 1,63,000 మంది ఆశ్రయం కోరారు, ఆ దేశం జనాభా మొత్తం కోటి లోపే. అంతమందికి అంత తొందరగా ఇళ్ళూ టీచర్లూ ఎక్కణ్ణుంచి వస్తారు? రాబర్ట్ పుట్నామ్ అనే అమెరికా ప్రొఫెసర్ 2007లో ప్రచురించిన పరిశోధనలో, రకరకాల జాతులవాళ్ళు కలిసుండే ఏరియాల్లో జనం వేరే జాతివాళ్ళనే కాదు సొంత జాతివాళ్ళని కూడా తక్కువ నమ్ముతున్నారని చెప్పారు, అయితే అది మొదట్లో ఉండే ఇబ్బందే, కాలం గడిస్తే సమాజాలు దాన్ని దాటతాయని కూడా ఆయనే చెప్పారు. వలసల్ని తిట్టేవాళ్ళు మొదటి సగం వాడుకుంటున్నారు, సమర్థించేవాళ్ళు రెండో సగం వాడుకుంటున్నారు, రెండూ కలిపి చదివేవాళ్ళు తక్కువ.

సంస్కృతి మారిపోతోంది అనే మాట దగ్గర నాకు ఎప్పుడూ లండన్‌లో బ్రిక్ లేన్ వీధిలోని ఒక బిల్డింగ్ గుర్తొస్తుంది. ఫ్రాన్స్‌లో మతహింస తట్టుకోలేక పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంట్లు 1743లో దాన్ని చర్చిగా కట్టుకున్నారు. తర్వాత మెథడిస్టులనే ఇంకో క్రైస్తవ శాఖవాళ్ళ ప్రార్థనాలయం అయింది. 1898లో తూర్పు యూరప్ నుంచి వచ్చిన యూదుల సినగాగ్, అంటే వాళ్ళ ప్రార్థనామందిరం అయింది. 1976లో బంగ్లాదేశ్ నుంచి వచ్చినవాళ్ళ మసీదు అయింది. గోడలు అవే. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఆ మొదటివాళ్ళని కూడా అప్పట్లో మా పనులు లాగేసుకుంటున్నారని తిట్టినవాళ్ళున్నారు, ఇవాళ వాళ్ళ వారసులెవరో వేరుచేసి చెప్పడం కష్టం. కాకపోతే ఇదంతా జరగడానికి రెండు వందల ఏళ్ళకి పైనే పట్టింది, ఈ సంగతి మర్చిపోయి ఆ బిల్డింగ్‌ని చూపించి అంతా దానంతటదే సర్దుకుంటుందనే వాళ్ళ మాట కూడా నాకు నచ్చదు.

ఇక పని సంగతి. బ్రిటన్‌లో ఆశ్రయం అడిగినవాళ్ళు తమ అప్లికేషన్ 12 నెలలు పెండింగ్‌లో ఉంటే తప్ప ఉద్యోగానికి పర్మిషన్ కూడా అడగకూడదు, అదీ కొన్ని లిస్టు చేసిన పనులకే. ఏడాది పాటు మనిషిని ఒక గదిలో ఖాళీగా కూర్చోబెట్టి, బయటి నుంచి మా పన్నుల మీద బతుకుతున్నాడని జనం కోప్పడతారు. చేయనివ్వకపోతే ఎలా చేస్తాడండీ? కలిసి పనిచేసే చోటే కదా భాష వచ్చేది, స్నేహం అయ్యేది.

భాషని అడ్డుగోడగా వాడిన చరిత్ర కూడా ఉంది. ఆస్ట్రేలియాలో 1901 నుంచి 1958 దాకా బయటి నుంచి వచ్చేవాళ్ళకి డిక్టేషన్ టెస్ట్ ఉండేది, అధికారి చదివే 50 పదాలు రాయాలి, ఏ యూరప్ భాషలో పెట్టాలన్నది అధికారి ఇష్టం. తెల్లవాళ్ళు కానివాళ్ళని ఆపడానికే పెట్టారు, 1909 తర్వాత పాసైనవాళ్ళే లేరు. 1934లో ఎగాన్ కిష్ అనే చాలా భాషలొచ్చిన జర్నలిస్టు తమకి నచ్చనివాడని స్కాట్లాండ్‌లో కొద్దిమందే మాట్లాడే స్కాటిష్ గేలిక్ భాషలో పరీక్ష పెట్టారు, చివరికి హైకోర్టే అది చెల్లదంది. డెన్మార్క్‌లో వలసవాళ్ళు ఎక్కువగా ఉండే కొన్ని పేటల్ని ప్రభుత్వమే ఘెట్టోలని లిస్టు చేసి, 2018లో అక్కడి పిల్లల్ని ఏడాది నిండగానే వారానికి 25 గంటలు డేకేర్‌కి పంపాలని రూల్ పెట్టింది. చిన్నప్పుడే భాష వినిపించడం మంచిదే, టీచర్‌గా నేను నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటా, కానీ ఆ పేట పిల్లలకే అని బలవంతం పెడితే పసివాడి మీద ముందే ముద్ర పడిపోతుంది. అందరి పిల్లలకీ ఒకే రూల్ పెట్టొచ్చు కదా.

వచ్చినవాళ్ళకీ బాధ్యత ఉంది, ఉన్న ఊరి భాష నేర్చుకోను, అక్కడి చట్టం నాకు పట్టదు, ఆడపిల్లని బడికి పంపను అంటే ఊరుకోకూడదు, ఇందులో నాకు మొహమాటం లేదు.

అందుకే మిమ్మల్ని అడిగేది ఏంటంటే ఎడిటర్ గారూ, ఇకమీదట ఏ దేశం వలసల వార్త వేసినా ఎంతమంది వచ్చారన్నదాని పక్కన ఇంకో రెండు వివరాలు వేయించండి, వాళ్ళకి భాష ఎన్ని గంటలు నేర్పుతున్నారు, ఎన్ని నెలల తర్వాత పని చేసుకోనిస్తున్నారు అని.

ఇట్లు,
మీ పాఠకురాలు, రిటైర్డ్ టీచర్