మీ పాత బ్యాకప్‌లను కొత్త టేపుల్లోకి మారుస్తున్నాము

విశాఖపట్నం ద్వారకానగర్‌లోని మా కార్యాలయంలో బ్యాకప్‌లు భద్రపరుచుకుంటున్న ఆడిటర్లకు, డాక్టర్లకు, పోర్టు క్లియరింగ్ ఏజెంట్లకు నమస్కారం.

నిన్నటి ఫైలు నిమిషాల్లో ఇస్తున్న మీరు, మూడేళ్ల కిందటి ఫైలుకు మరునాటి దాకా ఎందుకు ఆగమంటున్నారని కొందరు అడిగారు. అది న్యాయమైన ప్రశ్న. ఇటీవలి నెలల బ్యాకప్‌లు డిస్కు మీద ఉంటాయి. డిస్కులో సమాచారాన్ని చదివే హెడ్డు కావలసిన చోటికి నేరుగా వెళ్తుంది కనుక ఒక్క ఇన్‌వాయిస్ అడిగినా వెంటనే తీసి ఇవ్వగలము. అంతకు ముందువన్నీ టేపు మీదికి వెళ్తాయి. మా పాత టేపులు ఎల్‌టీఓ-6 అనే తరానివి; వాటి ఒక్కో కాట్రిడ్జిలో, అంటే టేపు పెట్టెలో, 846 మీటర్ల టేపు చుట్టి ఉంటుంది. ముందు కేటలాగులో వెతికి, సరైన కాట్రిడ్జిని అరలోంచి తీసి డ్రైవులో పెట్టి, ఫైలు ఉన్న చోటి దాకా టేపును తిప్పవలసిందే.

అయినా టేపును వదిలే ఆలోచన మాకు లేదు. నెట్‌వర్క్‌కు కలిపి ఉన్న డిస్కులోని బ్యాకప్‌ను ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే హానికర ప్రోగ్రాము) చేరుకుని పనికిరాకుండా చేయగలదు. కాట్రిడ్జి మూలనున్న చిన్న మీటను తాళం గుర్తు వైపు జరిపి అరలో పెట్టిన టేపును అది తాకలేదు. 2011లో సాఫ్ట్‌వేర్ లోపం వల్ల కొందరి జీమెయిల్ ఉత్తరాలు కనబడకుండా పోయినప్పుడు గూగుల్ సంస్థ వాటిని టేపుల నుంచే తిరిగి తెచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరిని ఎలా కుదిపేసిందో మీకు వేరే చెప్పనక్కర్లేదు; అందుకే ప్రతి టేపుకూ రెండో ప్రతిని హైదరాబాద్‌లో ఉంచుతున్నాము.

టేపుతో ఉన్న చిక్కు కూడా దాచకుండా చెప్పాలి. టేపు దశాబ్దాలు నిలిచినా దాన్ని చదివే డ్రైవు మారిపోతుంది. మేము కొన్న ఎల్‌టీఓ-8 డ్రైవు ఎల్‌టీఓ-7, ఎల్‌టీఓ-8 టేపులను మాత్రమే చదువుతుంది, ఎల్‌టీఓ-6ను చదవదు. కాబట్టి పాత డ్రైవు బాగా పనిచేస్తున్న ఈ రోజుల్లోనే ఎల్‌టీఓ-6 టేపుల్లోని సమాచారమంతా కొత్త టేపుల్లోకి ఎక్కిస్తున్నాము. ఎక్కించిన ప్రతి బ్యాకప్‌నూ తిరిగి చదివి సరిచూస్తాము. ఆ తరువాత కూడా పాత టేపును మీ లిఖితపూర్వక అనుమతి లేకుండా చెరపము.

దీనికి అదనపు రుసుము లేదు. పని పూర్తయ్యే దాకా టేపు మీది ఫైళ్లకు రెండు పనిదినాలు పడుతుంది కనుక, ఆదాయపు పన్ను నోటీసులకో కోర్టు వాయిదాలకో కావలసిన కాగితాలుంటే గడువుకు ముందుగానే మాకు తెలియజేయండి.