ఫీజు బాకీ పిల్లలది కాదు

సంపాదకులకు నమస్కారం.

జూన్‌లో బడులు తెరిచే నాటికి ప్రైవేటు పాఠశాలల ఫీజుల మీద పత్రికలలో చర్చ జరగడం ఏటా చూస్తున్నదే. ఆ ఫీజు సకాలంలో కట్టలేకపోయిన ఇంటి పిల్లలతో తరగతి గదిలో ఎలా వ్యవహరిస్తున్నారన్నది మాత్రం చర్చకు రావడం అరుదు. హైదరాబాద్‌లోని బోరబండ, అడ్డగుట్ట, భోలక్‌పూర్ వంటి బస్తీలలో వాచ్‌మన్లు, ఆటో డ్రైవర్లు, ఇళ్లలో పనిచేసే మహిళలు తాహతుకు మించినదైనా పిల్లలను చిన్న ప్రైవేటు బడులలో చేర్పిస్తున్నారు. సాయంత్రాలు కొందరు బస్తీ పిల్లలకు పాఠాలు చెప్పే నాకు వారి మాటల ద్వారా తెలుస్తున్నదేమిటంటే, కొన్ని బడులలో బాకీ ఉన్నవారి పేర్లు తరగతిలోనే చదివి, వారిని అందరి ఎదుటా లేపి నిలబెడుతున్నారు. పరీక్షల రోజుల్లోనైతే వరండాలో కూర్చోబెడుతున్నారు.

విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ దేహదండనతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. పేరు పిలిచి నిలబెట్టడం వేధింపు కిందికి రాదని వాదించే యాజమాన్యాలు తమ పిల్లలను ఒక్క పూట అలా నిలబెట్టి చూడాలి. బాకీ తల్లిదండ్రులకూ యాజమాన్యానికీ మధ్య వ్యవహారం. దాన్ని ఫోనులోనో, కార్యాలయం గదిలోనో మాట్లాడుకోవడానికి అడ్డేమిటి?

అవమానం భరించలేక బడి మారదామనుకుంటే, బాకీ తీరేదాకా టీసీ ఇచ్చేది లేదన్న బెదిరింపు ఎదురవుతుంది. టీసీ ఆలస్యమైందన్న కారణంతో ప్రభుత్వ బడిలో చేర్చుకోవడానికి నిరాకరించరాదని అదే చట్టంలోని 5వ సెక్షన్ చెబుతోంది గాని, ఆ సంగతి ఎందరు తల్లిదండ్రులకు తెలుసు?

ప్రభుత్వ పాఠశాలలలో ఫీజు లేదు గనుక ఈ బాధా లేదనుకోవడానికి వీలులేదు. ప్రవేశాల రిజిస్టరులో వివరాలన్నీ ఉండగా, స్కాలర్‌షిప్ దరఖాస్తుల వేళ ‘ఎస్సీలు లేవండి, బీసీలు లేవండి’ అని తరగతి మధ్యలో లెక్కపెట్టే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. పేదపిల్లల గౌరవం గురించి ప్రభుత్వం ఆలోచించలేదని మాత్రం అనను. 2015 జనవరి నుంచి మధ్యాహ్న భోజనంలో సన్నబియ్యం పెట్టడం, నా దృష్టిలో, కడుపు నింపడంతో ఆగకుండా పిల్లలకు కాస్త మర్యాద చూపిన నిర్ణయం. అటువంటి పట్టింపు తరగతి గదిలోకి కూడా రావాలి.

ఇక ప్రాజెక్టు పనుల సంగతి. చార్టులు, థర్మాకోల్ నమూనాలు, రంగుల ప్రింటౌట్లు తెచ్చిన వారికే మెప్పు దక్కితే, ఆ మార్కులు స్టేషనరీ దుకాణానికి వేసినట్టే. కావలసిన సామగ్రి బడిలోనే ఉంచి, అక్కడే చేయిస్తే పిల్లల తెలివి బయటపడుతుంది.

కాబట్టి హైదరాబాద్ జిల్లా విద్యాశాఖాధికారి, ఫీజు బాకీల ప్రస్తావన పిల్లల వద్ద తేరాదనీ, ఆ కారణంతో ఎవరినీ తరగతి నుంచి గాని పరీక్ష నుంచి గాని బయట ఉంచరాదనీ అన్ని యాజమాన్యాలకూ లిఖితపూర్వకంగా ఆదేశాలివ్వాలని, ఆ ప్రతిని, ఫిర్యాదు చేయవలసిన ఫోను నంబరుతో సహా, ప్రతి బడి గేటు వద్ద తెలుగులోను, ఉర్దూలోను అతికించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
సికింద్రాబాద్