పన్నెండులో మిగిలిన ఇద్దరు

పుల్‌మన్, అమెరికా, 24 సెప్టెంబర్ 2023, ఆదివారం రాత్రి

ఒరేయ్ మేస్త్రీ,

తిట్టుకో. జూన్‌లో నువ్వు రాసినదానికి ఇప్పుడు జవాబిస్తున్నాను కాబట్టి ఎంత తిట్టినా పడతాను. మామూలు సంగతులు ఒక్క ఊపులో చెప్పేస్తా: ఒంట్లో బానే ఉంది, థీసిస్ రెండో అధ్యాయం దగ్గర గొంతుక్కూర్చుంది, అమ్మ మోకాలికి ఆపరేషన్ అక్కర్లేదన్నారట, మీ చెల్లి పెళ్లికి రోజూ టికెట్ ధర చూసి మూసేస్తున్నాను. గోంగూర పచ్చడి అందింది. సీసా పగల్లేదు కానీ మూత... సరే, అది తర్వాత.

నిన్న మ్యాచ్‌కి వెళ్లాన్రా! గొంతు పూర్తిగా పోయింది, అందుకే ఫోన్ చేయకుండా రాస్తున్నాను. ఫుట్‌బాల్ అంటే మన ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునేది. మా వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీకీ, ఓరెగాన్ స్టేట్ యూనివర్సిటీకీ. ఇందులో విడ్డూరం ఏమిటంటావా? ప్యాక్-12 అనే కాన్ఫరెన్స్‌లో వచ్చే ఏడాదికి మిగిలింది ఈ రెండే. మిగతా పదీ సర్దుకుని పోతున్నాయి.

కాన్ఫరెన్స్ అంటే మీటింగ్ అనుకునేవు. మనం సౌత్ జోన్ కబడ్డీకి వెళ్లాం చూడు (వెళ్లాం అంటే, నువ్వు నీళ్ల సీసాలు మోశావు, నేను ఆ సీసాల్లో నీళ్లు తాగాను), అలా కొన్ని యూనివర్సిటీలు ఒక గుంపుగా తమలో తాము ఆడుకుంటాయి. ఇది 1915లో పోర్ట్‌లాండ్‌లో మొదలై, పేర్లు మార్చుకుంటూ ఇంతదాకా వచ్చింది. తేడా ఏమిటంటే, మన కబడ్డీని పక్క హాస్టల్ వాళ్లు కూడా చూళ్లేదు. ఇక్కడ ఆ గుంపు ఆటలు చూపించే హక్కుని టీవీ వాళ్లు కోట్లు పోసి కొంటారు. ఆ డబ్బు అందరూ పంచుకుంటారు. గొడవంతా ఆ పంపకాల దగ్గరే.

పాత టీవీ ఒప్పందం వచ్చే వేసవితో సరి. కిందటేడు జూన్ 30న లాస్ ఏంజిలిస్‌లోని రెండు పెద్ద యూనివర్సిటీలు, యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ, మేం బిగ్ టెన్ అనే ఇంకో కాన్ఫరెన్స్‌లోకి పోతున్నాం అని బాంబు వేశాయి. ఆ తర్వాత రెండు నెలలు తిరక్కుండా బిగ్ టెన్‌కి ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీ టీవీల వాళ్లు కలిసి ఏడేళ్లకి 7 బిలియన్ డాలర్ల పైన రాసిచ్చారు. మన లెక్కలో 58 వేల కోట్లు. నీ కాల్‌క్యులేటర్‌లో అన్ని సున్నాలు పట్టవు.

ఇప్పుడు విను. మిగిలిన పదింటికీ ఈఎస్‌పీఎన్ అనే ఆటల ఛానెల్ తలా 30 మిలియన్ డాలర్లు ఇస్తానందట, అంటే ఏడాదికి 250 కోట్లు. పెద్దలంతా కూర్చుని 50 కావాలన్నారట. అవతలివాడు లేచి వెళ్లిపోయాడని పేపర్లన్నీ రాశాయి. మన నందివెలుగు రోడ్డు స్థలం బేరం గుర్తుందా! నవ్వుతున్నావు కదూ? నాకు తెలుసు. సంచీ సర్దుకుని, చెప్పులు వేసుకుని, వెనక్కి తిరిగి చూసి... అచ్చం అదేరా. ఆ సందులో బిగ్ 12 అనే మరో కాన్ఫరెన్స్ వాళ్లు దూరి తలా 31.7 మిలియన్లకి సంతకం పెట్టేసుకున్నారు. వీళ్ల దగ్గరికి ఈ ఆగస్టులో చివరికి వచ్చిన బేరం ఆపిల్ కంపెనీది. చందా కట్టి చూసేవాళ్లు పెరిగితే డబ్బు పెరుగుతుంది, ఖాయంగా వచ్చేది మాత్రం 23 మిలియన్ల చిల్లర. స్థలం చివరికి ఎంతకి పోయిందో నీకు గుర్తు చేయక్కర్లేదు.

అంతే, గుడారం కూలింది. జూలై 27న కొలరాడో వెళ్లింది. ఆగస్టు 4న ఒక్క రోజులో ఐదు: యూనివర్సిటీ ఆఫ్ ఓరెగాన్, సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ (ఇవి 'స్టేట్'లు కావు, వేరే) బిగ్ టెన్‌లోకి, యూటా, ఆరిజోనాలోని రెండు యూనివర్సిటీలూ బిగ్ 12లోకి. సెప్టెంబర్ 1న స్టాన్‌ఫర్డ్, బర్కిలీ వెళ్లి అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ వాళ్లతో కలిశాయి. కాలిఫోర్నియాకి అట్లాంటిక్ ఎటువైపురా? మన సోషల్ మాస్టారు ఉంటే బెంచీ ఎక్కించేవారు. ఆ ఇద్దరికీ మొదట్లో వాటాలో 30 శాతమేనట. వాళ్లతోపాటే చేరిన డాలస్‌లోని యూనివర్సిటీ ఒకటైతే తొమ్మిదేళ్లు టీవీ డబ్బు అక్కర్లేదు, చేర్చుకుంటే చాలంది! ఎదురు కట్నం ఇక్కడా ఉందని మీ అమ్మగారికి చెప్పు.

ఇంకో తమాషా. వచ్చే ఏడాది బిగ్ టెన్‌లో 18, బిగ్ 12లో 16, ప్యాక్-12లో ఇద్దరు. నేను ఇక్కడ పిల్లలకి స్టాటిస్టిక్స్ చెబుతున్నాను. ఏ మొహం పెట్టుకుని చెప్పను?

ఓరెగాన్ స్టేట్‌నీ మమ్మల్నీ ఎవరూ ఎందుకు పిలవలేదంటే, ఆట రాక కాదు. నిన్న వాళ్లది 14వ ర్యాంకు, మాది 21. టీవీ వాడు ఎన్ని ఇళ్లున్నాయో చూస్తాడు. పుల్‌మన్‌లో ఇళ్లకన్నా గోధుమ కంకులు ఎక్కువ. సియాటిల్ ఇక్కణ్ణించి కారులో ఐదు గంటలు. ఎవరికీ అక్కర్లేనివాళ్ల మ్యాచ్ అని టీవీలో ఒక పెద్దాయన వెటకారం చేశాడు కూడా. నాకు కాలింది. రెండేళ్ల కిందట ఈ ఆట నియమాలే తెలియనివాణ్ణి, నాకెందుకు కాలాలి? కానీ కాలింది.

మ్యాచ్‌కి ముందు కార్ల దగ్గర పొయ్యిలు పెట్టుకుని తిండి తినడం ఇక్కడి ఆచారం. నేను పులిహోర చేసుకెళ్లాను. పక్క ట్రక్కు ముసలాయన ఈ చుట్టుపక్కల గోధుమ రైతే. ఎర్ర టోపీ, చేతులు మా తాతయ్యవిలా. పులిహోర రెండుసార్లు పెట్టించుకుని, పల్లీలు వేరే ఏరుకుని తిన్నాడు. ఆగస్టు 4న కోత మిషన్ మీద ఉండగా రేడియోలో విన్నాడట. మిషన్ ఆపి కాసేపు అలాగే కూర్చున్నానన్నాడు. కోర్టు మాటెత్తితే మాత్రం మొహం వెలిగిపోయింది. పోయేవాళ్లు పదిమంది, ఉండేవాళ్లు ఇద్దరు; ఖజానా ఎవరి చేతిలో ఉండాలి? పోయేవాళ్లూ ఓట్లేస్తే ఇల్లమ్ముకుని పంచుకుపోతారని మావాళ్ల భయం. అందుకే ఇక్కడికి పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న కోల్‌ఫాక్స్‌లో, మా జిల్లా కోర్టులో దావా వేశారు. ఈ నెల 11న జడ్జి కాన్ఫరెన్స్ బోర్డు మీటింగ్ జరపొద్దని ఆపేశాడు. 'మా ఊరి కోర్టు!' అని ముసలాయన మూడుసార్లన్నాడు. అసలు తీర్పు ఇంకా రావాలి.

ఇంక ఆట. బంతి విసిరే మావాడు కామ్ వార్డ్ పాస్‌లన్నీ కలిపి 404 గజాలు, అందులో నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు, అంటే చివరి గీత దాటించి పాయింట్లు తెచ్చేవి. బంతి గాల్లో ఉంటే 33 వేలమందీ ఊపిరి బిగబట్టడం, అందుకోగానే భూకంపం. గెలిచేశాం అనుకుంటుంటే చివర్లో వాళ్లు ఎగబడ్డారు. నా పక్కనున్న పంజాబీ కుర్రాడు నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే ఇప్పటికీ గోళ్ల గుర్తులున్నాయి. 38-35! మూడు పాయింట్లు! నేను ఏం అరిచానో చెబితే నువ్వు నమ్మవు. 'అదీ కూత!' అని తెలుగులో అరిచాను. ఎవరికీ అర్థం కాలేదు, అందరూ చేతులు కొట్టారు.

బయటికొస్తుంటే నారింజ చొక్కాల ఓరెగాన్ స్టేట్ వాళ్లు, ఓడిపోయి కూడా, మావాళ్లతో కరచాలనాలు. కలిసి మునిగే పడవ కదా.

ముసలాయన ట్రక్కు దగ్గరే కనబడ్డాడు, మడత కుర్చీలు సర్దుతూ. రెండు కుర్చీలు. నలభై ఏళ్లు ఆయనా భార్యా బయటి ఊళ్ల మ్యాచ్‌లకి కూడా తిరిగారట, కోర్వాలిస్, యూజీన్, టూసాన్. ఆవిడ పోయి రెండేళ్లు. అయినా రెండు కుర్చీలూ తెస్తాడు. వచ్చే ఏడాది ఎక్కడికి వెళ్లాలో తెలీదన్నాడు. సియాటిల్ యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ వాళ్లతో ఆడే ఆపిల్ కప్ మ్యాచ్ అయినా ఉంటుందా అని నన్నడిగాడు, నాకేదో తెలిసినట్టు. నాకు చప్పున నాన్న గుర్తొచ్చాడు, మన ఊరి ఎద్దుల పందేలు ఆపేసిన ఏడాది ఆ అరుగు మీద... వద్దులే. నువ్వూ అక్కడే ఉన్నావుగా.

అన్నట్టు నీకు ఇక్కడి డబ్బా చీజ్ తెస్తానన్నాను, మర్చిపోలేదు. యూనివర్సిటీ వాళ్లే తయారుచేస్తారు, రేకు డబ్బాలో సీలు వేసి. కస్టమ్స్ వాడు ఏమంటాడో కనుక్కుని... ఇంకా ఆ పచ్చడి మూత సంగతి కూడా చెప్పాలి, అది పెద్ద కథ, మా రూమ్మేట్ తెల్ల చొక్కా అందులో

కింద వాషింగ్ మెషిన్ ఆగిపోయింది. ఇప్పుడు వెళ్లకపోతే నా బట్టలు తీసి నేలమీద పడేస్తారు, పోయినసారి అదే జరిగింది. ఉంటా.

నీ
నీళ్ల సీసాలు తాగినవాడు