నీటిమట్టం వార్తలో చేపకూ ఒక లైను ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

జూలై వచ్చిందంటే మీ పేపర్లో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం మొదటి పేజీకి ఎక్కేస్తుంది. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది, మా ఇంట్లో ఆరో తరగతి పిల్లాడు కూడా ఎక్కాల్లా అప్పజెప్పేస్తాడు. లంకలు మునుగుతాయా, నారుమళ్లు దక్కుతాయా, కాలువలకు ఎన్ని క్యూసెక్కులు వదిలారు, అన్నీ రాస్తారు, రాయాలి కూడా. ఆ నీళ్లలోనే ఉండే చేప మాత్రం మీకు గుర్తొచ్చేది పులస పడ్డప్పుడే. వేలంలో ఎంత పలికిందో ఫోటోతో సహా వేస్తారు. పులస సముద్రం నుంచి ఎదురెక్కి వచ్చి బ్యారేజీ గేట్ల దగ్గర ఆగిపోయే చేప, నాలుగు రోజుల ముచ్చట. మిగతా ఏడాదంతా మా పొయ్యి వెలిగేది బొచ్చె, శీలావతి, మోసు, జెల్ల, కొరమీనుల మీదే.

నేను బొబ్బర్లంక వైపు వాణ్ణి, బ్యారేజీ ఎగువన వేట. మా బావమరిది మెట్టలో ఒక రిజర్వాయర్లో లైసెన్సు మీద వల వేస్తాడు, దాని పేరెందుకు లెండి. మా దగ్గర గేట్లు దించి ఉన్నన్నాళ్లూ నీళ్లు ఇంచుమించు ఒకే మట్టంలో ఉంటాయి. అతని దగ్గర ఎండాకాలానికి నీళ్లు దిగిపోయి ఎప్పుడో మునిగిన చెట్ల మోళ్లు కూడా బయటపడతాయి. ఏప్రిల్, మే నెలల్లో అక్కడ వేట బ్రహ్మాండంగా ఉంటుంది, చూసినవాళ్లు చేప పెరిగిందనుకుంటారు. పెరగలేదండి, నీళ్లు తగ్గి ఉన్న చేపంతా ఒక్క మడుగులోకి చేరింది. అప్పుడు పడేవాటిలో చాలావరకు గుడ్లు కట్టుకుంటున్న తల్లులు, కోస్తే తెలుస్తుంది.

అదే వానలు పడి కొత్త నీరు ఎక్కితే రెండు రోజులు తిరిగినా కిలో చేప పడదు. ఒడ్డున గడ్డీ తుప్పలూ మునుగుతాయి, మేత కోసం చేప అంచులకు చెదిరిపోతుంది. మావాళ్లు తిట్టుకుంటారు గానీ చేపపిల్ల ఒళ్లు చేసేది అప్పుడే. బొచ్చె, శీలావతి, మోసు నిలవనీటిలో గుడ్లు పెట్టవు, ఏరు పొంగి ఎర్రనీరు పారాలి. కొరమీను సంగతి వేరు, ఒడ్డు పక్కన లోతు లేనిచోట నాచులో గూడు లాంటిది చేసుకుని గుడ్లు పెట్టి, పిల్లలు కాస్త ఎదిగేదాకా కాపలా కాస్తుంది.

నిరుడు మా బావమరిది వేటాడే రిజర్వాయర్లో వాన తెరిపిచ్చాక పొలాలకు నీళ్లు వదిలారు. తప్పనను, ఆ నీళ్లు ఉన్నదే పొలాలకు. కాకపోతే ఒక్కసారిగా వదిలేశారు, రాత్రికి రాత్రే ఒడ్డు బారెడు వెనక్కి పోయింది. తెల్లారి మేమిద్దరం తెప్ప దగ్గరకు నడుస్తుంటే బురదలో గేదె గిట్ట పడిన గుంట, అరచేతి వెడల్పు కూడా లేదు, అందులో అగ్గిపుల్లంతైనా లేని ఎర్రెర్రటి కొరమీను పిల్లలు గిజగిజలాడుతున్నాయి. తువ్వాలుతో ఎత్తి నీళ్లలో వదిలాం. పక్క గుంటలోనూ అవే, దాని పక్కనా అవే. కొంగలు వరసగా నిలబడి తింటున్నాయి. "ఎన్నని ఎత్తుతావు బావా, పద" అన్నాడు మా వాడు.

మబ్బు పట్టి గాలి ఆడకపోతే తెల్లవారుజామున చేప పైకొచ్చి నోరు తెరుస్తుందని మన డెల్టాలో చెరువుల రైతులందరికీ తెలుసు. ఎండ లేకపోతే నాచు ఆక్సిజన్ ఇవ్వదు, పైగా రాత్రిపూట ఉన్నదాన్ని తనే వాడేసుకుంటుంది. వాళ్లు ఏరేటర్లు తిప్పుకుంటారు. రిజర్వాయర్‌కి ఏరేటర్ ఎవరు పెడతారు? లోతు నీళ్లలో ఇంకో చిక్కుంది. ఎండలకు పైనీరు వేడెక్కి పైనే ఉండిపోతుంది, అడుగునీరు కదలక కుళ్లుతుంది, ఒక్క గాలివాన కొడితే అడుగుది తిరగబడి పైకొచ్చి చేప చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తుంది. ఇక ఊళ్లో ఎవడో మందు కలిపాడని గొడవ. మందు కలిపే దుర్మార్గులూ ఉన్నారనుకోండి, ప్రతిసారీ అదే కాదు.

అన్నిటికంటే కడుపు మండేది రిజర్వాయర్లో చేపపిల్లలు వదిలే ఫంక్షన్ చూస్తే. నేనూ వెళ్లాను, అందుకే చెబుతున్నా. పొద్దున్నే వచ్చిన వ్యాను పెద్దమనిషి కోసం మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఎండలో ఆగింది. చేపపిల్లలున్న నీళ్ల కవర్లు పట్టుకుంటేనే వేడిగా ఉన్నాయి. మూతి విప్పకుండా పావుగంట నీళ్ల మీద తేలనిచ్చి, లోపలి నీరూ బయటి నీరూ ఒక వేడికి వచ్చాక వదలాలని అక్కడున్న ముసలివాళ్లు చెబుతూనే ఉన్నారు. ఎవరు వింటారు, కుమ్మరించేశారు, ఫోటో అయిపోయింది. వదిలిందేమో గేట్ల పక్కనే, అప్పటికే రిజర్వాయర్ నిండుకుండ. నాలుగో రోజు గేట్లెత్తారు. దిగువ కాలువలో కుర్రాళ్లు దోమతెరలతో ఆ చేపపిల్లల్ని పట్టారు. లెక్కల్లో మాత్రం అన్నీ రిజర్వాయర్లోనే పెరుగుతున్నాయి!

పిల్లలు వదిలే తేదీ పెద్దమనిషి తీరిక చూసి కాకుండా నీళ్లు చూసి పెట్టమనండి. వరద తగ్గి గేట్లు దిగాక, మట్టం కుదురుకున్నాక, చల్లబడిన వేళ, గేట్లకు దూరంగా. పిల్ల వేలెడంతైనా ఉండాలి, లేకపోతే వాలుగకు ఫలహారం. గుడ్ల కాలంలో నీళ్లు దించాల్సొస్తే రోజుకు కాస్త చొప్పున దించితే రైతుకొచ్చే నష్టం లేదు. గేట్లెత్తే ముందు మత్స్యకారుల వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెడితే వలలైనా తీసుకుంటాం, పోయిన వరదకు నావి రెండు కొట్టుకుపోయాయి. మీరు కూడా క్యూసెక్కుల కింద మేం వేటాడే రిజర్వాయర్లలో రేపు మట్టం పెరుగుతుందా దిగుతుందా అని ఒక లైను వేయండి.

ఈసారి చేపపిల్లల వ్యాను ఎప్పుడొస్తుందో ముందే చెబితే కవర్లు దించడానికి మేమే వస్తాం. భోజనాలు అక్కర్లేదు, టీ ఇస్తే చాలు.

ఇట్లు,
బ్యారేజీ ఎగువన వేట చేసుకునే ఒక మత్స్యకారుడు