పద్నాలుగు సంపుటాల నవల: ఎక్కడ విసుగు పుడుతుంది, ఎలా దాటాలి

సంపాదకులకు నమస్కారం.

పద్నాలుగు సంపుటాల ఇంగ్లీషు ఫాంటసీ నవల 'ది వీల్ ఆఫ్ టైమ్' టీవీ రూపం మూడు సీజన్లతో 2025లో ఆగిపోయింది. తెర మీద కథ సుమారుగా నాలుగో సంపుటం దగ్గరికి వచ్చి నిలిచింది. పుస్తకంలో ఇంకా పది సంపుటాలున్నాయి. ఆ మిగతా కథ కోసం పుస్తకం పట్టుకునే కుర్రకారు తిరుపతిలోనూ ఉన్నారు, చిత్తూరులోనూ ఉన్నారు. మొదటి నాలుగు సంపుటాలు ఆవురావురుమని చదువుతారు. ఎనిమిదో సంపుటమో తొమ్మిదో సంపుటమో వచ్చేసరికి చతికిలబడి, "మన ఇంగ్లీషు చాల్లేదేమో" అని తమనే తిట్టుకుని మానేస్తారు. లోపం వాళ్ల ఇంగ్లీషుది కాదు. ఇంత పొడవు నవలలో విసుగు ఏ చోట పుడుతుందో, ఎందుకు పుడుతుందో ముందే చెప్పవచ్చు. ముందే తెలిసినవాడు దాటిపోతాడు. తెలియనివాడు కాపు చేతికందే వేళకు తోట వదిలి వెళ్లిపోతాడు. మీ పుస్తకాల పేజీలో ఇలాంటి నవలలకు దక్కేది నాలుగు వాక్యాల పరిచయం. అది చాలదు కాబట్టే ఈ ఉత్తరం.

ముందు లెక్క చూద్దాం. రాబర్ట్ జోర్డన్ మొదలుపెట్టిన ఈ నవల తొలి సంపుటం 1990లో, చివరిది 2013లో వచ్చాయి. మొత్తం 44 లక్షల మాటలకు అటూ ఇటూ ఉంటుంది. మొదటి సంపుటమే మూడు లక్షలు. నాలుగోది అన్నిటికంటే పెద్దది, నాలుగు లక్షలకు కాస్త తక్కువ. తెలుగు మాధ్యమంలో చదువుకుని ఇంగ్లీషు నవలకు వచ్చినవారు నిమిషానికి 150 మాటలు చదివితే మంచి వేగమే. అంటే గంటకు 9,000 మాటలు, పేజీల్లో 20 నుంచి 25. ఈ లెక్కన నవల పూర్తి కావడానికి దాదాపు 490 గంటలు కావాలి. రోజుకో గంట కేటాయిస్తే 16 నెలలు. చిత్తూరు నుంచి తిరుపతికి బస్సులో రెండు గంటల ప్రయాణమంటే 40, 50 పేజీలు. ఈ లెక్క ఎవరినీ భయపెట్టడానికి కాదు. "నెలలో అయిపోగొడతా" అని మొదలుపెట్టినవాడే ముందుగా అలసిపోతాడు. ఏడాదిన్నర పని అని తెలిసి మొదలుపెట్టినవాడికి ఏ ఒక్క నెలా బరువనిపించదు.

ఇక విసుగు. అందరూ మొదట చెప్పేది ఒకే ఫిర్యాదు: చెప్పిందే చెబుతాడు. నైనీవ్ అనే పాత్రకు కోపమొస్తే జడ పట్టుకుని లాగుతుంది, ప్రతిసారీ లాగుతుంది. ఆడవాళ్లు లంగా కుచ్చిళ్లు సర్దుకుంటూనే ఉంటారు. గదిలోకి ఎవరు అడుగుపెట్టినా వాళ్ల బట్టల మీది అల్లిక దాకా వర్ణన. మన వైపు చూస్తే దీనికి కారణం ఇట్టే తెలుస్తుంది. చిత్తూరు జిల్లా పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర 18 రోజుల భారతం జరుగుతుంది కదా. పగలు హరికథ, రాత్రి నాటకం. హరిదాసు నిన్న కథ ఎక్కడ ఆపాడో కాసేపు గుర్తుచేసి గానీ ముందుకు కదలడు. వారపత్రిక సీరియళ్లకు నెత్తిన 'జరిగిన కథ' ఉండేది. ఈ సంపుటాల మధ్య మొదట్లో ఏడాది, తర్వాత రెండేళ్లు, ఆపైన కూడా ఎడం వచ్చింది. జోర్డన్ 'జరిగిన కథ'ను విడిగా రాయలేదు, కథలోనే కలిపేశాడు. రెండేళ్ల తర్వాత పుస్తకం తెరిచినవాడికి ఆ జడ ఒక ఆనవాలు. వరసగా చదివే ఇప్పటి పాఠకుడికి మాత్రం అది నిన్న రాత్రి చదివిన ముక్కే. కాబట్టి పాత్ర ప్రవేశం దగ్గర వచ్చే వర్ణనను కంటితో తడిమి, సంభాషణ మొదలయ్యే చోట ఆగి నిదానంగా చదవండి. కథలో ఏదీ జారిపోదు. ఒక్క మినహాయింపు: కొత్త దేశమో కొత్త ఊరో మొదటిసారి వస్తే అక్కడి వర్ణన పూర్తిగా చదవాలి. అక్కడి ఆచారం తర్వాత కథకు అవసరపడుతుంది.

రెండో విసుగు ఏడో సంపుటం నుంచి పదో సంపుటం దాకా సాగే మందగమనం. ఇది నిజమైన లోపమే, దాన్ని సమర్థించబోవడం లేదు. కథ కొమ్మలు ఎక్కువై, ఒక్కో కొమ్మకు ఒక్కో సంపుటంలో వంతు దొరకదు. మూడో సంపుటంలో నాయకుడు రాండ్ కనిపించేదే తక్కువ. ఐదో సంపుటంలో అతని మిత్రుడు పెరిన్ అసలు లేడు. ఎనిమిదిలో మరో మిత్రుడు మ్యాట్ లేడు. పెరిన్ భార్యను శత్రువులు ఎత్తుకుపోయిన ఉదంతం తొమ్మిది, పది సంపుటాలంతా నానుతూ పదకొండులో గానీ తేలదు. పదోది మరీ కష్టం. 2000లో వచ్చిన తొమ్మిదో సంపుటం చివర ఒక మహాఘట్టం ఉంది. 2003లో వచ్చిన పదోదానిలో పెద్ద భాగం మళ్లీ అదే రోజుకు వెళ్లి, ఆ సమయానికి మిగతావాళ్లు ఎవరెవరు ఎక్కడున్నారో చూపిస్తుంది. రెండేళ్లకు పైగా ఎదురుచూసినవాళ్లకు ఒళ్లు మండిందంటే ఆశ్చర్యం లేదు. ఇప్పటివారికి అది ఒక నెల రోజుల చదువు, అంతే.

పదో సంపుటాన్ని వదిలేసి సారాంశం చదువుకోమనే సలహా తరచూ వినిపిస్తుంది. ఆ సలహా తీసుకోవద్దు. ఆ సంపుటం చివర ముఖ్య పాత్రల్లో ఒకరైన ఎగ్వీన్‌కు జరిగేదే 11, 12 సంపుటాల్లోని అత్యుత్తమ భాగానికి మొదలు. దాన్ని సారాంశంలో తెలుసుకుంటే తర్వాతి పట్టు సగం పోతుంది. పెరిన్ శిబిరం అధ్యాయాలూ, యువరాణి ఎలేన్ సింహాసనం చుట్టూ సాగే వంశాల బేరసారాలూ మాత్రం వేగంగా చదవొచ్చు. ఏ వంశం ఎవరి వైపు నిలిచిందో గుర్తుంటే చాలు. 2004లో వచ్చిన పూర్వకథ 'న్యూ స్ప్రింగ్' చిన్న పుస్తకం. కాలక్రమంలో అన్నిటికంటే ముందుది కదా అని దానితో మొదలుపెట్టేవారున్నారు. అది పొరపాటు. మొయిరేన్ ఎవరో తెలియనివారికి ఆమె యవ్వనం మీద ఆసక్తి ఎందుకుంటుంది? అది వెలువడిన వరుసలోనే, పదో సంపుటం అయ్యాక చదివితే ఆ నెల రోజుల బడలిక తీరుతుంది.

మూడోది పేర్ల గందరగోళం. పేరున్న పాత్రలే రెండు వేలు దాటతాయి. మొయిరేన్, మొర్గేస్, మొగెడియన్, మెసానా, మెరానా. ఇంగ్లీషు అక్షరాల్లో కన్ను అన్నిటినీ ఒకే మూసగా చూస్తుంది. దీనికి తెలుగు లిపి మంచి మందు. వంద పేజీల నోటుబుక్కులో పేరు తెలుగులో రాసుకుంటే ఉచ్చారణ ఒకటి స్థిరపడిపోతుంది, ఒకదానికొకటి కలవదు. పేరు పక్కన మూడు గడులు చాలు: ఏ వర్గం, ఎవరి మనిషి, చివరగా ఏ సంపుటం ఏ అధ్యాయంలో కనిపించాడు. ఏస్ సెడాయ్ అనే మంత్రశక్తి గల స్త్రీలకు ఏడు రంగుల వర్గాలుంటాయి కాబట్టి వాళ్లకు రంగు తప్పకుండా రాయాలి. ప్రతి సత్రం యజమాని పేరూ రాయబోతే నోటుబుక్కే ఇంకో సంపుటం అవుతుంది. రెండోసారి కనిపించిన పేరునే ఎక్కించండి. ఒక్కో సంపుటం ముగిసిన రోజే పది వాక్యాల్లో 'జరిగిన కథ' రాసుకోండి, మర్నాటికి వాయిదా వేయొద్దు. మొదటి పేజీల్లోని పటాన్ని జెరాక్సు తీయించి పుస్తకంలో గుర్తుగా పెట్టుకుంటే ప్రతిసారీ వెనక్కి తిప్పే పని తప్పుతుంది. పేరు మరిచిపోతే ఫోనులో వెతకొద్దు. పేరు టైపు చేస్తుండగానే ఆ పాత్ర ఎలా పోయిందో కింద వచ్చేస్తుంది. ఉచ్చారణ కావాలనుకునేవారికి మైకేల్ క్రేమర్, కేట్ రీడింగ్ చదివిన ఆడియో ఉంది. పురుష పాత్రల దృష్టితో సాగే అధ్యాయాలు ఆయనవి, స్త్రీ పాత్రలవి ఆమెవి.

రెండు సంపుటాల మధ్య ఎడం మూడు వారాలు దాటనివ్వకండి. దాటితే తర్వాతి సంపుటం ప్రోలాగ్ (మొదట వచ్చే నాంది భాగం) అర్థం కాదు. ఆరో సంపుటం నుంచి ఈ ప్రోలాగ్‌లు బాగా పొడవు. అంతటా చెదిరి ఉన్న చిన్న పాత్రలూ, ప్రతినాయకులూ వాటిలోనే వస్తారు. చాలామంది పుస్తకం మూసేసేది సరిగ్గా అక్కడే. అలాగని ఒకటి ముగిసిన మర్నాడే ఇంకొకటి తెరవమని కాదు. మధ్యలో వారం రోజులు ఒక తెలుగు కథల సంపుటి చదివితే చెవికి మన మాట తగులుతుంది, ప్రాణం కుదుటపడుతుంది.

ఇంత కష్టానికి దక్కేదేమిటని అడిగేవారికి మూడు చోట్లు చూపిస్తాం. మొదటి సంపుటంలో మిన్ అనే అమ్మాయికి మనుషుల తల చుట్టూ బొమ్మలు కనిపిస్తాయి. అందులో కొన్నిటి అర్థం చివరి సంపుటాలకు గానీ తేలదు. నాలుగో సంపుటంలో రూయిడియన్ అనే చోట రాండ్ గాజు స్తంభాల మధ్య నడుస్తూ తన పూర్వీకుల బతుకుల్ని తరం వెనుక తరంగా, వెనక్కి వెనక్కి అనుభవిస్తాడు. ఒక జాతి తన గురించి తాను చెప్పుకునే కథ అబద్ధమని తేలే తీరు అంత బలంగా రాసినవారు అరుదు. మూడోది వెరిన్. రెండో సంపుటంలో ముక్కు మీద సిరా మరకతో, పరధ్యానంగా కనిపించే గోధుమ రంగు వర్గపు పెద్దావిడ. సంపుటాల తరబడి పక్కన నిలబడే ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. పన్నెండో సంపుటంలో ఒక గదిలో కూర్చుని టీ తాగుతూ ఆమె మాట్లాడే ఒక్క దృశ్యం, వెనకటి పది సంపుటాలనూ కొత్తగా చదివిస్తుంది. 300 పేజీల నవలలో ఈ దృశ్యం సాధ్యం కాదు. పాఠకుడు ఆమెను నిజంగా ఏళ్ల తరబడి చూసి, అలవాటుపడి, పట్టించుకోవడం మానేసి ఉండాలి. విసుగు పుట్టించిన పొడవే ఈ పనీ చేస్తుంది.

ఆ పన్నెండో సంపుటం నాటికి జోర్డన్ లేడు. 2007 సెప్టెంబరులో పోయాడు. భార్య, ఆ నవలకు సంపాదకురాలు హేరియట్ మెక్‌డూగల్ ఎంపిక చేసిన బ్రాండన్ శాండర్‌సన్, జోర్డన్ వదిలిన రాతలతో, నోట్సుతో మిగతాది పూర్తిచేశాడు. ఒక్క సంపుటం అనుకున్నది మూడయింది: 2009, 2010, 2013. "వేరేవాడు రాసింది మనకెందుకు" అని పదకొండుతో ఆపేసేవారికి తెలుగువారిగా ఒక మాట చెప్పాలి. మన భారతం ముగ్గురు రాసింది. నన్నయ 'శారదరాత్రులు' పద్యం దగ్గర ఆగితే, తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు, ఎర్రన వచ్చి అరణ్యపర్వ శేషం పూరించాడు. ఎర్రన ఆ భాగాన్ని నన్నయ రాసినట్టే రాజరాజ నరేంద్రుడికి అంకితం చేశాడు. శాండర్‌సన్ మాత్రం జోర్డన్ గొంతును అనుకరించనని ముందుమాటలోనే చెప్పాడు. వాక్యాలు పొట్టి, నడక వేగం. మ్యాట్ మాట తీరు పన్నెండులో ఎబ్బెట్టుగానే ఉంటుంది, పదమూడుకు కొంత సర్దుకుంటుంది. కానీ చిట్టచివరి దృశ్యం జోర్డన్ తన చేత్తో రాసి పెట్టి వెళ్లినది.

ఇక ప్రతుల సంగతి. పేవ్‌మెంటు మీది నకలు ప్రతుల్లో ఫారాలు (ఒక్కో మడతలో వచ్చే పేజీల కట్టలు) తారుమారవుతాయి. కొనేముందు ప్రతి 16 పేజీలకోసారి అంకెలు చూసుకోండి. అసలు ప్రతి కూడా జిగురు బైండింగే. కొత్తది తీసుకోగానే వీపు బల్ల మీద ఆనించి, ముందు నుంచి ఇరవై, వెనక నుంచి ఇరవై పేజీల చొప్పున మార్చి మార్చి మెల్లగా నొక్కుతూ నడుమకు రండి. నేరుగా మధ్యకు విరిస్తే అక్కడే చీలి రెండు ముక్కలవుతుంది. గట్టి అట్ట వేయించేటప్పుడు పక్క కుట్టు వద్దని బైండరుకు చెప్పాలి. లోపలి అంచు ఇరుకు కాబట్టి కుట్టు పడితే వరుసల మొదళ్లు మింగేస్తుంది. వీపుకు గుడ్డ అంటించి అట్ట వేస్తే చాలు.

గ్రంథాలయాలకు విన్నపం. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతున్నాం. దీర్ఘ నవల కొంటే మొత్తం వరుస ఒకేసారి కొనండి. మూడు, ఏడు, పది సంపుటాలు విడిగా అలమరలో ఉండి ఎవరికీ ఉపయోగం లేదు. వీపు మీద సంపుటం అంకె పెద్దగా రాయండి. ఇలాంటివాటికి 15 రోజుల గడువు పెడితే నాలుగో సంపుటం పూర్తికావడానికి రోజుకు దాదాపు మూడు గంటలు చదవాలి. ఉద్యోగికీ విద్యార్థికీ అది కుదిరే పని కాదు. 30 రోజులివ్వండి. ఒక సంపుటం పోతే జరిమానా వసూలుతో సరిపెట్టక, ఆ డబ్బుతో అదే సంపుటం తెప్పించండి. అలమరలో పదకొండోది లేనినాడు, పది సంపుటాలు ఓపికగా మోసుకొచ్చిన మనిషికి పన్నెండులో వెరిన్ టీ తాగే ఆ గదికి దారి ఉండదు.

ఇట్లు,
కొందరు నవలా పాఠకులు,
తిరుపతి