పక్కనే శత్రువు ఉంటే మంత్రం వేయొచ్చా?

అందరికీ, ఆదివారం మొగల్రాజపురంలో కూర్చునేలోపు ఈ గొడవ తేల్చేద్దాం. మనం ఆడేది డి అండ్ డి (డంజన్స్ అండ్ డ్రాగన్స్, డైస్ వేస్తూ పాత్రలుగా ఆడే ఆట) 5వ ఎడిషన్, 2014 రూల్స్. శత్రువు పక్కనే ఉన్నా, మంత్రం వేసినంత మాత్రాన వాడికి ఫ్రీగా కొట్టే ఛాన్స్ రాదు. అది పాత 3.5 ఎడిషన్ నాటి పద్ధతి. ఫైర్ బోల్ట్ లాంటి, గురిచూసి దూరానికి విసిరే మంత్రాలు వేస్తే మాత్రం, మిమ్మల్ని చూస్తున్న శత్రువు 5 అడుగుల్లో ఉంటే డిస్‌అడ్వాంటేజ్. డైస్ రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవాలి. సేవింగ్ త్రో మంత్రాలకు (మనం కాదు, తప్పించుకోడానికి శత్రువే డైస్ వేసేవి) ఈ బాధ లేదు.

అసలు టెన్షన్ కాన్సన్‌ట్రేషన్‌తోనే, అంటే కొన్ని మంత్రాలు నడుస్తున్నంతసేపు ధ్యాస నిలపాలి, చెదిరితే మంత్రం పోతుంది. దెబ్బ తగిలితే 10 గానీ, డ్యామేజ్‌లో సగం గానీ, ఏది ఎక్కువైతే కాన్‌స్టిట్యూషన్ సేవ్‌లో (ఒంటి దారుఢ్యం మీద వేసే డైస్) అంతైనా రావాలి. 26 తగిలిందనుకోండి, 13 కావాలి.

విజర్డ్ తమ్ముడూ, గోబ్లిన్ మీద పడగానే పరుగెత్తకు. షాకింగ్ గ్రాస్ప్ మంత్రం తగిలించు, దాని రియాక్షన్ (నువ్వు దూరం జరిగితే ఫ్రీగా కొట్టే ఛాన్స్) పోతుంది, అప్పుడు తాపీగా జరుగు.

డౌట్లుంటే శనివారం లోపు ఇక్కడే అడగండి. ఆట మధ్యలో రూల్‌బుక్ తీస్తే ఊరుకోను.