2024–25 వార్షిక నివేదిక (కార్యదర్శి సమర్పణ)

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం గట్టిగా చెప్పుకోగల పని నెల్లూరులో మెడికోలకు పెట్టిన తట్టు టీకా తరగతి. డాక్టరు చదువుకునేవాళ్లకు మనం చెప్పేదేమిటని కార్యవర్గంలోనే నవ్వారు. షెడ్యూలు అడిగితే పిల్లలు టకటకా అప్పజెప్పారు: 9–12 నెలలకు ఒకటి, 16–24 నెలలకు రెండోది. మరి మీకు ఎన్ని డోసులు పడ్డాయంటే మాత్రం అమ్మకు ఫోన్ కలిపారు.

చిక్కంతా ఆసుపత్రిలో ఆఖరి ఏడాది శిక్షణలో ఉన్న హౌస్‌సర్జన్లతో. వాళ్ల పసితనంలో సర్కారు టీకాల్లో తట్టుకు ఒక్క డోసే. రెండోది 2010లో చేరింది. 2017 ఆగస్టులో బళ్లలో వేసిన ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా 15 ఏళ్ల లోపువాళ్లకే. అంటే 2002 ఆగస్టుకు ముందు పుట్టినవాళ్లకు రెండూ తప్పిపోయాయి. ప్రైవేటులో ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) వేయించుకోని వాళ్లు ఒక్క డోసుతోనే పిల్లల వార్డులో తిరుగుతున్నారు. తొమ్మిదో నెల డోసు నూటికి 85 మందికే పట్టుకుంటుంది. కార్డు లేదంటే వేయనట్టే లెక్క: 28 రోజుల ఎడంతో రెండు డోసులు. గర్భిణులకు వద్దు.

మధ్యాహ్నం మన సభ్యురాలు, రిటైరైన ఏఎన్‌ఎం గారు డమ్మీ సీసాలతో చేసి చూపించారు. టీకా పొడిని కలపడానికి దాంతోపాటు వచ్చిన ద్రవమే (డైల్యూయెంట్) వాడాలి, అదీ ముందురోజు నుంచే 2–8 డిగ్రీల్లో ఉండాలి. మోతాదు 0.5 ఎం.ఎల్., కుడి భుజంలో చర్మం కింద. సూది నిటారుగా కండలోకి దించబోయినవాళ్లే ఎక్కువ. మిగిలిన మందు రేపటికి దాస్తామన్నారు ఇద్దరు. ఐదు జబ్బుల టీకా పెంటావాలెంట్‌కు చెల్లే ఆ లెక్క దీనికి చెల్లదు. ఎంఆర్‌లో వీవీఎం (వేడి తగిలితే రంగు మారే గుర్తు) మూత మీదే ఉంటుంది, మూత తీశాక సీసా మీద రాసిన టైమే దిక్కు. నాలుగు గంటలు దాటితే పారేయాల్సిందే. లేకుంటే సీసాలో క్రిములు పెరిగి బిడ్డ ప్రాణానికే ముప్పు.

పేర్లిచ్చిన వాలంటీర్లలో సగానికి పైగా ఆరోజు ఫోనే ఎత్తలేదు. కుర్చీలు మోసింది కోశాధికారి గారు, వాచ్‌మన్. ఒక కార్యాలయానికి మూడు ఉత్తరాలు రాశాం. అందినట్టు ముద్ర పడింది, మనిషి రాలేదు.

హాలు ఉచితంగా ఇచ్చిన కల్యాణ మండపం వారికి, మజ్జిగ పోసిన మహిళా విభాగానికి, మైకు ఇచ్చిన కుర్రాళ్లకు కృతజ్ఞతలు. జమాఖర్చుల పట్టిక వెనక పేజీలో ఉంది, ఆడిట్ అయింది.

ఇంట్లో మెడికో ఉన్న సభ్యులు బీరువాలు వెతికి, టీకా కార్డు దొరికితే ఫొటో తీసి పిల్లలకు పంపండి.

– కార్యదర్శి